పాస్టరు వేషం వేసిన మనిషి

మాట పుట్టకముందే మనసు వినే దేవునికి స్తోత్రం. మనిషి నోరు మూతపడినా తన చెవి మూసుకోని తండ్రికి మహిమ. ఈ ఇసుక దేశంలో నాకు అన్నాన్ని, నీడను, కలిసి ఆరాధించడానికి నలుగురు మనుషులను ఇచ్చిన ప్రభువుకు వందనాలు. నేను చెప్పబోయేదానిలో నాకు అర్థమైనది తక్కువ. అర్థం కానిదంతా ఆయనకు తెలుసు గనుక, ముందు ఆయనను స్తుతించి మొదలుపెడుతున్నాను.

నేను గోదావరి జిల్లా నుంచి వచ్చిన నర్సును. దుబాయ్‌లో ఇళ్ళలో ఉండి పెద్దవాళ్ళను చూసుకోవడం నా పని. 2020లో, విమానాలు ఆగిపోవడానికి కొద్ది వారాల ముందు, ఒక అమెరికన్ మేడమ్ ఇంట్లో చేరాను. ఆమె ఇక్కడ ఒక కంపెనీలో పెద్ద ఉద్యోగి. నా వీసా ఆమె పేరు మీదే ఉంది, అంటే నా కఫీల్ ఆమే. భార్య పోయి ఒంటరిగా ఉన్న తండ్రిని ఆమె తన దగ్గరికి తెచ్చుకున్నారు. ఆయనకు మతిమరుపు జబ్బు అప్పుడే మొదలైంది.

చేరిన రోజు మేడమ్ నాకు మందులు, స్నానం వేళలు చెప్పి, చివర ఇంకో మాట అన్నారు. "నాన్న టీవీ నటుడు. ఆయన సీరియల్ ఈ ఇంట్లో ఎప్పుడూ పెట్టకు. ఆయనకు నచ్చదు."

ఆ ఇంటి డ్రైవర్ జగిత్యాల వైపు మనిషి, నాకంటే పెద్దవాడు. అల్ వర్సాన్‌లో నలుగురితో కలిసి గదిలో ఉండి పొద్దున్నే వచ్చేవాడు. వస్తూనే వంటింటి గుమ్మంలో నిలబడి అడిగేవాడు.

"ఏం చెల్లె, మన హీరో లేశిండా? జర నాకో ఆటోగ్రాఫ్ ఇప్పియ్యరాదు."

"లేవలేదన్నా. లేచినా నువ్వెవరని అడుగుతారు."

"అడగనియ్యి. పెద్ద హీరోలు డ్రైవర్లను గట్లనే అడుగుతరు."

లాక్‌డౌన్ రోజుల్లో ఎవరం బయటికి వెళ్ళలేదు. మా సంఘం కూడే హాలుకు తాళం పడింది. శుక్రవారం ఆరాధన ఫోన్లలోకి వచ్చింది. సాయంత్రాలు ఎండ తగ్గాక పెద్దాయనను ఇంటి వెనక ఉన్న చిన్నపాటి తోటలో కూర్చోబెట్టేదాన్ని. అప్పటికి ఆయనకు నిన్న తిన్నది గుర్తుండేది కాదు గాని యాభై ఏళ్ళ కిందటిది అద్దంలో చూసినట్టు కనిపించేది. నన్ను సిస్టర్ అని పిలిచి చెప్పేవారు. ఆయన మాటల్లో నాకు అందినంత ఇక్కడ రాస్తున్నాను.

చుట్టూ మొక్కజొన్న చేలున్న చిన్న ఊరు ఆయనది. తండ్రికి పశువుల దాణా కొట్టు. బళ్ళో నాటకం వేసినప్పుడు ఆయన గొంతు విని పంతులమ్మ ఏడ్చిందట. ఆ ఒక్క ఏడుపును నమ్ముకుని బస్సెక్కి నగరానికి పోయారు. హోటళ్ళలో ప్లేట్లు అందించారు. పళ్ళపొడి ప్రకటనలో నవ్వారు. డిటెక్టివ్ సీరియళ్ళలో శవంగా పడుకున్నారు. "శవం వేషం తేలిక అనుకుంటారు సిస్టర్. డైరెక్టరు ఆపమనేదాకా ఊపిరి కూడా కనబడకూడదు. ఏ వేషమైనా అంతే. మాట అయిపోయినా, ఆయన ఆపు అనేదాకా అలాగే ఉండాలి. తుమ్ము వచ్చినా సరే."

తర్వాత ఒక సీరియల్‌లో పల్లెటూరి పాస్టరు వేషం వచ్చింది. కొన్ని వారాలే అన్నారు. జనం వదల్లేదు. అది ఏళ్ళ తరబడి సాగింది. ఆయన జుట్టు ఆ వేషంలోనే నెరిసింది, మేడమ్ ఆ ఏళ్ళలోనే పెరిగి పెద్దయ్యారు. అది ఆగిపోయాక ఇంకే వేషమూ రాలేదు. ఇతరుల సీరియళ్ళలో పెళ్ళి చేయించే పాస్టరు, పూడ్చిపెట్టే పాస్టరు, ఒక్కో సీను. తర్వాత అదీ లేదు. బజారులో మాత్రం మనుషులు ఆపేవారు.

"కూరగాయల దగ్గర ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. కొడుకు ఆస్పత్రిలో ఉన్నాడు, ప్రార్థన చేయండి అంది. చేస్తానన్నాను."

"చేశారా సార్?"

ఆయన నవ్వారు. "నాకు నమ్మకం లేదు సిస్టర్. మంచి గొంతుంది, అంతే. అలా నేను మాట ఇచ్చిన వాళ్ళు ఎంతమందో. ఒక్కరి కోసమూ చేయలేదు. ఎవరిని అడగాలో తెలియక."

ఆ మాట నాలో ముల్లులా దిగింది. ఇంతమంది ప్రార్థన కోసం ఆశ్రయించిన మనిషి, ఒక్కసారి కూడా దేవుని వైపు తిరగకుండా మరుపులోకి పోతున్నాడు. మా విశ్వాసంలో మనిషి పోయాక అతని కోసం ప్రార్థించడం లేదు. ఊపిరి ఉండగానే అడగాలి. ఆయన విషయంలో ఊపిరి కంటే ముందు తెలివి పోయేలా ఉంది. ఆ ఇంట్లో నేను బోధించలేను. నా వీసా వాళ్ళ చేతిలో ఉంది, మేడమ్‌కు మతం మాటే గిట్టదు. అందుకే మా సంఘంలో పెద్దక్కకు ఫోన్ చేశాను.

పెద్దక్క బర్ దుబాయ్‌లో ఉంటుంది. స్త్రీల ఉపవాస ప్రార్థన ఆమే నడిపిస్తుంది. ఆ ప్రార్థనకు ఒక పద్ధతి ఉంది. ముందు ప్రార్థన అంశాలు, అంటే ఇంకా అడుగుతున్నవి. తర్వాత స్తుతి అంశాలు, అంటే దేవుడు ఇచ్చేసినవి. ఒకటి జరిగిందని ఎవరైనా సాక్ష్యం చెబితే, దాన్ని మొదటివాటిలో తీసేసి రెండోవాటిలో కలుపుతారు. ఆ వారం నుంచి మా వాళ్ళంతా, "మన చెల్లి పనిచేసే ఇంట్లో పెద్దాయన రక్షణ" కోసం, అంటే ఆయన ప్రభువును నమ్ముకోవాలని, అడగడం మొదలుపెట్టారు.

మరుసటి ఏడు మన దేశంలో రెండో అల వచ్చింది. మా తమ్ముడిని ఏలూరులో ఆస్పత్రిలో చేర్చారు. ఆక్సిజన్ దొరకడం లేదని మరదలు ఫోన్‌లో గుక్కపట్టి ఏడ్చింది. వెళ్తే తిరిగి రావడానికి విమానాలు లేవు. అప్పటికి పెద్దాయనకు మాటలు బాగా తగ్గాయి. పగలంతా గోడను చూస్తూ కూర్చునేవారు. ఒక మధ్యాహ్నం ఆయనకు సూప్ తాగిస్తూ నేను ఆపుకోలేకపోయాను. ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుని, ముఖం దుప్పటిలో దాచుకుని ఏడ్చాను.

నా తల మీద ఒక చెయ్యి పడింది.

ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. నెలల తరబడి తడబడిన గొంతు ఒక్కసారిగా నిండుగా లేచింది. "ప్రభువా, మా దగ్గర తెలివైన మాటలు లేవు. బావిలో చేద వేసిన ప్రతిసారీ ఖాళీగానే పైకి వస్తోంది. అలిసిపోయాం. ఈ పిల్లవాడు మాకంటే ముందు నీకు తెలుసు. ఇంకొంతకాలం మా దగ్గర ఉండనియ్యి. తీసుకోవాలనుకుంటే, బతికినంత బతికిన మమ్మల్ని తీసుకో." ఆమేన్ అన్నారు. బొటనవేలి వెనకతో కంటి కొస తుడుచుకున్నారు. అయినా కళ్ళు తెరవలేదు. కదల్లేదు. చాలాసేపు అలాగే ఉండిపోయారు. దేవుని సన్నిధిలో ఉన్నారనుకున్నాను. నేనూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

నా తమ్ముడి సంగతి ఆయనతో నేను చెప్పలేదు. పిల్లవాడు అని ఆయనకు ఎవరు చెప్పారు?

ఆ వారమే తమ్ముడికి ఆక్సిజన్ దొరికింది. మెల్లగా కోలుకున్నాడు. ఆ శుక్రవారం ఫోన్‌లో సంఘమంతా వింటుండగా నేను సాక్ష్యం చెప్పాను. ఆయన ప్రార్థనను పొల్లుపోకుండా తెలుగులో చెప్పాను. ఆడవాళ్ళు హల్లెలూయ అంటుంటే ఒకరి గొంతు మీద ఒకరి గొంతు పడి ఏదీ సరిగా వినబడలేదు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, కన్నీళ్ళతో ఆరాధన ముగించారు. కోరుకున్నది కళ్ళముందు జరిగినప్పుడు ఎవరు తరచి చూస్తారు?

తర్వాత కొద్ది రోజులకు మేడమ్ ఆఫీసు నుంచి పెందలాడే వచ్చారు. నేను హాల్లో, సార్ చక్రాల కుర్చీ పక్కన, బట్టలు మడతపెడుతూ స్పీకర్లో ఉపవాస ప్రార్థన వింటున్నాను. పెద్దక్క ఇంగ్లీషు, తెలుగు కలిపి, అమెరికన్ ఫాదర్ రక్షించబడినందుకు థ్యాంక్యూ జీసస్ అంటోంది. నేను గబుక్కున ఫోన్ ఆపాను.

"మా నాన్న గురించేనా?" అన్నారు మేడమ్.

దాచడం చేతకాలేదు. ఉద్యోగం పోయినా పోనీ అనుకున్నాను. "మేడమ్, సార్ ప్రార్థన చేశారు. నా తల మీద చెయ్యి పెట్టి చేశారు."

ఆమె కోప్పడలేదు. సోఫా చివర కూర్చున్నారు. "ఏమన్నారు? ఆ మాటలే చెప్పు."

చెప్పాను. చేద దగ్గరికి రాగానే ఆమె కళ్ళు మూసుకున్నారు. నేను ఆపేస్తే, తర్వాతి మాట ఆమే అన్నారు. అలిసిపోయాం.

ఆమె టీవీ పెట్టారు. ఎంతో వెతక్కుండానే ఆ భాగం దొరికింది. నల్ల కోటులో ఆయన, నల్లని జుట్టుతో, ఒక జబ్బు పిల్లవాడి మంచం పక్కన మోకాళ్ళ మీద ఉన్నారు. అవే మాటలు. చేద దగ్గర అదే ఆగడం. ఆమేన్, బొటనవేలి వెనకతో కంటి కొస. తర్వాత కళ్ళు మూసుకుని కదలకుండా ఉండిపోవడం. ఆ సీను మారేదాకా ఆయన అలాగే ఉన్నారు. ఎవరైనా ఆపు అనేదాకా.

చక్రాల కుర్చీలో ఉన్న ఆయన కూడా చూశారు. పెదవులు టీవీతో పాటు కదిలాయి.

"అమ్మ పోయినప్పుడు," అన్నారు మేడమ్, "పూడ్చేచోట నాన్న మాట్లాడారు. అందరూ ఏడ్చారు. నేను ముందు వరసలో ఉన్నాను. అది ఏ భాగంలోదో నాకొక్కదానికే తెలుసు." ఆమె టీవీ కట్టేశారు. "నాకు ఆయన సొంత మాట ఒక్కటి కావాలి. చిన్నప్పటి నుంచి అదే కావాలి. సీరియల్‌లో లేని మాట ఏదైనా ఆయన అంటే నాకు చెప్పు. ఎంత చిన్నదైనా సరే."

నన్ను ఉద్యోగం నుంచి తీసేయలేదు. మీవాళ్ళ ప్రార్థనలు ఆపమని కూడా అనలేదు. ఆ దయ నాకు ఇంకా బరువైంది.

మర్నాడు వంటింట్లో నా ముఖం చూసి డ్రైవర్ అన్న అడిగాడు. చెప్పాను. అతను టీ తాగడం ముగించి అన్నాడు.

"మా ఊళ్ళె బాగోతం ఆడుతరు చెల్లె. రాముని ఏషం కట్టినోని కాళ్ళు మొక్కుతం. ఏషం ఇప్పినంక ఆయనే వచ్చి బీడీ ఉన్నదా అంటడు. మొక్కు రామునికి వోయిందా బీడీ తాగెటోనికి వోయిందా అని మేం అడగం."

"మా దేవుడు అడుగుతాడన్నా."

"మస్తు స్ట్రిక్టు ముదీర్, గట్టి మేనేజర్ ఉన్నడు మీకు," అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి, "తమ్ముడైతే బతికిండు గద. ఖలాస్, ఇగ ఏడ్వకు," అని గ్లాసు కడిగి పెట్టి వెళ్ళాడు.

నాకు తమ్ముడి గురించి కాదు దిగులు. నేను చెప్పిన సాక్ష్యంతో ఆయన స్తుతి అంశాలలోకి వెళ్ళిపోయారు. అంటే ఆయన రక్షణ కోసం ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. ఇంతమంది మోకాళ్ళ మీద ఉండి అడిగేవారు. ఆ అడగడం నా మాటతో ఆగిపోయింది. ఆయనకు మిగిలిన కాస్త వెలుగు రోజురోజుకీ తగ్గిపోతోంది.

నా సెలవు రోజున మెట్రో ఎక్కి బర్ దుబాయ్‌లో పెద్దక్క ఇంటికి వెళ్ళాను. చీరల కొట్ల పైన మూడో అంతస్తు. ఆమె చింతపండు పిసుకుతూ అంతా విన్నది.

"అయితే ఇప్పుడు ఏం చెయ్యమంటావే?"

"మళ్ళీ ప్రార్థన అంశాల్లో పెట్టండక్కా. ఆయన ఇంకా రక్షణలోకి రాలేదని చెప్పండి."

"అదెలా కుదురుద్దే? ఒకసారి థ్యాంక్స్ చెప్పేసి, మళ్ళీ ఇయ్యలేదని అడిగితే దేవుణ్ణి అనుమానించినట్టు కాదా? మరి మీ తమ్ముడో? ఆ ప్రార్థనకేగా లేచి కూర్చున్నాడు. ఇప్పుడది ఉత్త డైలాగంటావా? అప్పుడు మీ తమ్ముణ్ణి బతికించిందెవరే, ఆ సీరియల్ రాసినోడా?"

ఆమె చేతులు కడుక్కుని నా పక్కన కూర్చుంది. "పిచ్చిదానా, నువ్వు టీవీ చూసి అనుమానపడుతున్నావు. నోరు ఎవరిదైనా వాడుకుంటాడమ్మా ఆయన. అన్నం తిని వెళ్ళు."

అయ్యగారికి ఫోన్ చేశాను. "అమ్మా, హృదయాన్ని చూసేవాడు ఆయనే. మనం కాదు," అన్నారు. అది నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన వాక్యమే. సండే స్కూల్లో పిల్లలకు నేనే నేర్పించేదాన్ని. బైబిల్లో ఒక స్త్రీ గుడిలో పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థిస్తే, యాజకుడు ఆమె తాగి ఉందనుకుంటాడు. నిజమైన ప్రార్థనను ఆ యాజకుడు పోల్చుకోలేకపోయాడు. మరి నేను? వేషాన్ని ప్రార్థన అనుకున్నానా, లేక ఇప్పుడు ప్రార్థనను వేషం అనుకుంటున్నానా? అయ్యగారిని అదే అడిగాను. ఆయన నా కోసం ప్రార్థన చేసి ఫోన్ పెట్టేశారు.

ఆ తర్వాత మేడమ్, నేను ఒకే పనిలో పడ్డాం. ఆమె ఒక మాట కోసం వింటున్నారు, నేనూ ఒక మాట కోసం వింటున్నాను. ఆమెకు కావలసింది తండ్రి మాట, నాకు కావలసింది పరలోకపు తండ్రిని పిలిచే మాట. స్నానం చేయిస్తుంటే ఆయన, "మీ అమ్మగారు కులాసానా?" అనేవారు. అది పాస్టరు చర్చి గుమ్మంలో నిలబడి అనే మాట. అన్నం తినిపిస్తుంటే, "ఈ ఇంట్లో ఎవరూ ఆకలితో వెళ్ళకూడదు," అనేవారు. అది పండుగ భాగంలోది. నొప్పికి కూడా ఒక డైలాగు ఉంది. అన్నేళ్ళు సాగిన సీరియల్‌లో మనిషి బతుకులో పనికొచ్చే ప్రతి మాటా ఉంది. సాయంత్రం ఆయన అన్నవి నేను చెబితే, మేడమ్ విని తల అడ్డంగా ఊపేవారు. ఉంది, అదీ ఉంది. కొన్నాళ్ళకు అడగడం మానేశారు. చెప్పడం నేనూ మానేశాను.

వారాంతపు సెలవు శని, ఆదివారాలకు మారింది. హాలు తెరిచారు. స్తుతి అంశాలు చదివినప్పుడల్లా ఆయన గురించి ఆడవాళ్ళు సంతోషంగా స్తోత్రం చెబుతారు. నేను తలవంచుకుని వాళ్ళ మధ్య నిలబడి, లోపల ఒక్కదాన్నే ఇంకా అడుగుతూ ఉంటాను.

ఆయన మంచం పట్టారు. మింగడం కష్టమైంది. అన్నీ మెత్తగా చేసి చెంచాతో పెడతాను. ఒక పొద్దున్న, నడుము దగ్గర పుండుకు కట్టు మారుస్తున్నాను. ఎంత మెల్లగా చేసినా నొప్పి పుడుతుంది. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. ఎన్నో వారాల తర్వాత గొంతు వచ్చింది, నిండు గొంతు కాదు, గాలిలాంటిది.

"ప్రభువా, మా దగ్గర తెలివైన మాటలు లేవు," అన్నారు. ఆగారు. నేను కట్టు వదిలేసి చూస్తున్నాను. పెదవులు తర్వాతి మాట కోసం వెతికాయి. దొరకలేదు. కళ్ళు తెరిచి పైకి, నా వైపు కాదు, పైకి చూశారు.

"మిగతాది నాకు తెలియదు," అన్నారు.

అంతే. మరి పలకలేదు. ఆమేన్ లేదు. కంటి కొస తుడుచుకోలేదు. కదలకుండా ఉండనూ లేదు. నొప్పికి కాళ్ళు ముడుచుకుని మూలిగారు.

నేను మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆమె మీటింగ్ వదిలేసి వచ్చారు. మేమిద్దరం ఆ వారమంతా ఖాళీ దొరికినప్పుడల్లా సీరియల్ చూశాం. ఆ మాట మాకు ఎక్కడా వినబడలేదు. కాని పాత భాగాలు కొన్ని ఎక్కడా దొరకవట. "వాటిలో ఉండొచ్చు," అన్నారు ఆమె. "లేదా షూటింగ్‌లో డైలాగు మరిచిపోయినప్పుడు నటులు అనే మాట కావచ్చు. డైరెక్టరు వైపు చూసి అలాగే అంటారు." ఇంకోటి ఏమైనా కావచ్చా అని నేను అడగలేదు. ఆమె కూడా అనలేదు. తండ్రి చెయ్యి తన చెంపకు ఆనించుకుని చాలాసేపు కూర్చున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళాను.

అప్పటి నుంచి ఆయన ఒక్క మాట కూడా అనలేదు. నేను ఇది రాసే సమయానికి పక్క గదిలో పడుకుని ఉన్నారు. ఊపిరి ఉంది. రోజుకు ఎన్నోసార్లు వెళ్ళి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను. అది దేవుణ్ణి అడిగిన మాటో, డైరెక్టరును అడిగిన మాటో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. మందులు ఇవ్వగలను, పక్కకు తిప్పగలను, పెదవులు తడపగలను. ఆయన లోపలికి వెళ్ళి చూడలేను.

అందుకే చదువుతున్న మీరంతా, ఏ పేరుతో దేవుణ్ణి పిలిచేవారైనా, ఒక్క నిమిషం నాతో కళ్ళు మూసుకోండి. మా సంఘంలో ఆయన కోసం అడిగేవాళ్ళు లేరు గనుక మిమ్మల్ని అడుగుతున్నాను. తండ్రీ, ఈ మనిషి నీ గురించి పరాయివాళ్ళు రాసిన మాటలు జీవితమంతా పలికాడు. అవి అయిపోయాయి. ఇప్పుడు ఆయన దగ్గర ఏమీ లేదు. నిన్ను ఎన్నడూ అడగని ఈ ముసలివానిని, నీ దగ్గరికి వచ్చినవానిగానే లెక్కించు. తండ్రి మాట ఒక్కటి దొరకని ఆ కూతురిని ఆదరించు. ఊపిరి ఆగకముందే విను తండ్రీ. నాతో పాటు మీరూ అడగండి. ఆమేన్.